నాన్న టంకం, ఇక్కడి క్రింపింగ్

మా నాన్నది విజయవాడ ఆటోనగర్‌లో లారీలకు వైరింగ్ చేసే షాపు. ఆరో తరగతి నుంచీ సెలవులన్నీ నేను అక్కడే. పేస్టులో టంకం పెట్టే ఐరన్ ముంచగానే లేచే వాసన, లెడ్డు కరిగి తీగల మధ్యకి పాకిపోవడం, అది చల్లారేదాకా చెయ్యి కదపకుండా ఊపిరి బిగబట్టి కూర్చోవడం, ఇవన్నీ నాకు లెక్కల కంటే ముందే వచ్చాయి. అందుకే అమెరికాలో, విచిటాలో ఎమ్మెస్ అయ్యాక, విమానాలకు వైరింగ్ హార్నెస్‌లు, అంటే వైర్ల కట్టలు, కట్టే చిన్న షాపులో ఉద్యోగం దొరికినప్పుడు ఈ పని నాకు కొట్టిన పిండే కదా అనుకున్నాను. మొదటి రోజే చేతిలో క్రింపర్ పెట్టారు, వేడి లేకుండా వైరు కొసకి లోహపు ముక్కను నొక్కి బిగించే పనిముట్టు. ఐరన్ ఏదని అడిగితే ఇక్కడ దాంతో పెద్దగా పని ఉండదన్నారు. పరాయి దేశంలో మనకు వచ్చిన ఒక్క విద్య కూడా అక్కర్లేదంటే ఎలా ఉంటుందో, ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు.

ఎందుకు వద్దంటారో నాకు నిజంగా అర్థమైంది మాత్రం షాపులో కాదు, ఊరి బయట ఒక చిన్న ఎయిర్‌పోర్టు హ్యాంగర్‌లో. అక్కడ ఒక పెద్దాయన ఆర్వీ-7 కడుతున్నాడు, ఇద్దరు కూర్చునే విమానం, కిట్‌గా వస్తుంది. ఇక్కడ సొంతంగా కట్టుకున్న విమానంగా రిజిస్టర్ కావాలంటే సగానికి పైగా పని సరదా కోసమో నేర్చుకోవడం కోసమో చేసిందై ఉండాలి, డబ్బిచ్చి చేయించుకున్నది ఆ లెక్కలోకి రాదు. కాబట్టి శనివారాలు నేను ఊరికే వెళ్లి పక్కన నిలబడి చూపిస్తాను, ఆయన చేస్తాడు. కాఫీ, కబుర్లు, అంతే.

ఇంజిన్ నడిపి చూడటం మొదలుపెట్టిన కొత్తలో ఆయిల్ ప్రెషర్ ఉన్నట్టుండి సున్నా చూపించడం మొదలైంది. ఆయిల్ బాగానే ఉంది, సెన్సర్ బాగానే ఉంది. చివరికి ఆయన సెన్సర్ దగ్గర టంకం పెట్టిన వైరు మీది హీట్ ష్రింక్‌ను, అదే వేడికి ముడుచుకుని బిగుసుకునే ప్లాస్టిక్ తొడుగును, బ్లేడుతో చీల్చి చూశాం. అతుకు చెక్కుచెదరలేదు, నాన్న చూసినా మెచ్చుకునేంత నున్నగా ఉంది. దానికి అర సెంటీమీటరు అవతల, లెడ్డు పాకడం ఎక్కడ ఆగిందో సరిగ్గా ఆ గీత మీద, 19 పోగుల్లో ఒకటీ రెండూ తప్ప అన్నీ కత్తిరించినట్టు తెగిపోయి ఉన్నాయి. పైన తొడుగు ఉండటంతో బయటికి ఏమీ తెలియలేదు.

లెక్క వేసుకున్నాను. నాలుగు సిలిండర్ల ఇంజిన్ నిమిషానికి 2,700 చుట్లు తిరిగితే సెకనుకు 90 పేలుళ్లు, గంటకు మూడు లక్షల పైనే. పోగుల వైరు తాడులా వంగుతుంది కాబట్టి తట్టుకుంటుంది. లెడ్డు తాగినంత మేర అది కడ్డీ అయిపోతుంది, కడ్డీ ఆగి తాడు మొదలయ్యే చోటే వంపంతా పడుతుంది. తప్పు అతుకుది కాదు, ఆ అంచుది. ఆ అంచు ఊగకుండా పట్టుకునేది ఏదైనా ఉంటే టంకం కూడా ఏళ్ల తరబడి నిలుస్తుంది.

క్రింపర్‌తో వైరు కొసకి నొక్కే ఆ లోహపు ముక్కే లగ్గు. విమానాలకు వాడే మంచి లగ్గులో రెండు పట్లు ఉంటాయి, ఒకటి రాగిని నొక్కుతుంది, రెండోది వెనక ఇన్సులేషన్‌ను కౌగిలించుకుంటుంది. ఆ రెండో పట్టే ముఖ్యం. ర్యాచెట్ క్రింపర్ పూర్తిగా నొక్కితే గానీ వదలదు, అలసిపోయిన సాయంత్రం కూడా అదే ఒత్తిడి పడుతుంది. లోపల పోగులు ఒకదానిలో ఒకటి ఒత్తుకుపోయి గాలి దూరే సందు ఉండదు. మరి రెండూ చేస్తే ఇంకా గట్టి కదా అని పెద్దాయన అడిగాడు, నేనూ మొదట్లో అదే అడిగాను. నొక్కాక టంకం పెడితే మళ్లీ అదే కడ్డీ, అదే అంచు. టంకం పెట్టి నొక్కితే ఇంకా ఘోరం, లెడ్డు మెత్తనిది, ఒత్తిడికి మెల్లగా జారుకుంటుంది, పట్టు వదులవుతుంది.

అలాగని మామూలు కటింగ్ ప్లయర్‌తో నొక్కింది క్రింపింగ్ అనుకోకండి. అలా నొక్కిన లగ్గు ఒకటి నా కళ్లముందే రెండు వేళ్లతో లాగితే ఊడొచ్చింది. దాని కంటే నాన్న టంకం వెయ్యి రెట్లు నయం, ఈ మాట నేను ఎవరి ముందైనా అంటాను.

ఇదంతా ఫోన్‌లో చెబితే నాన్న ఒప్పుకోలేదు. "ఒరేయ్, వేడి లేకుండా నొక్కితే ఆగుద్దేంట్రా?" అన్నాడు. 20 గేజ్ సన్న వైరుకి నొక్కిన లగ్గు కనీసం 19 పౌన్ల లాగుడుకి ఆగాలని లెక్క. ఇంట్లో ఇండియన్ స్టోర్ నుంచి తెచ్చిన 20 పౌన్ల సోనా మసూరి సంచి, ఇంకా విప్పనిది, ఉంది. వీడియో కాల్ పెట్టి, లగ్గును తలుపు పైన మేకుకి తగిలించి, వైరు రెండో కొసకి సంచి కట్టి వదిలాను. ఆగింది. నాన్న చాలాసేపు ఏమీ మాట్లాడకుండా చూశాడు. "రేపటిదాకా అట్టాగే ఉంచు" అన్నాడు.

పొద్దున ఫొటో పంపాను, సంచి అలాగే వేలాడుతోంది. వెంటనే ఫోన్ చేశాడు.

"సరే, జాయింటు ఆగుద్ది. ఆ పెద్దాయన ఇంజిన్ కాడ వైరు ఊగకుండా ఎక్కడ కట్టావ్?"

ఆటోనగర్‌లో ఆయన ఏ టంకం పెట్టినా రెండంగుళాల అవతల మైనం రాసిన దారంతో వైరును పక్క కడ్డీకి బిగించి కట్టేవాడు. చిన్నప్పుడు అది అందం కోసమనుకునేవాణ్ని. విమానం హార్నెస్‌లు కట్టేది కూడా మైనం దారంతోనే, రోజూ నా చేతులతో కడుతూనే ఉన్నా ఈ రెండూ కలిపి ఎప్పుడూ చూసుకోలేదు. సెన్సర్ దగ్గర కొత్త లగ్గు వేసి వచ్చాం గానీ వైరును ఎక్కడా కట్టలేదు. శనివారం దాకా ఆగలేక, ఆ సాయంత్రమే క్లాంపు, దారం పట్టుకుని హ్యాంగర్‌కి వెళ్లాను.