మూసేసిన రోడ్డు మీద ఒక ఉదయం

ఈ ఉదయం అక్కను చక్రాల కుర్చీలో వెంటబెట్టుకుని పాత కొండ రోడ్డు మీదికి వెళ్లాను. సొరంగం తెరిచాక వాహనాలన్నీ కొత్త దారిన పడ్డాయి. రెండేళ్లుగా ఈ రోడ్డుకు రెండు చివరలా మట్టి కట్టలు పోసి వదిలేశారు. ఇప్పుడు దీన్ని నడకకూ సైకిళ్లకూ బాటగా మార్చాలన్న ప్రతిపాదన వచ్చింది. దాని మీద మా నడక బృందం రాసి ఇవ్వవలసిన అభిప్రాయంలో వాలు కొలతలు నా వంతు. ఫోనులో మట్టం చూసుకునే సదుపాయం ఉంది, టేపూ నోటుపుస్తకమూ ఉన్నాయి. అయినా అక్క చేతులు చెప్పేదాన్ని మించిన కొలత ఉండదని ఆమెను బతిమాలి రప్పించాను. కట్ట పక్కన స్కూటర్ల వాళ్లు తొక్కి చేసుకున్న సందులోంచి కుర్చీని ఎత్తి దాటించడానికే పది నిమిషాలు పట్టింది. ప్రతిపాదన కాగితాల్లో ఈ కట్ట ఊసే లేదు.

కట్ట దాటాక నేను మొదటి కొలత రాసుకునేలోపే అక్క, తోసే మనిషి అక్కర లేకుండా, చాలా దూరం ఎక్కేసింది. ఎక్కడ కొలిచినా నిలువు వాలు 5 శాతం దాటలేదు. తొలినాటి మోటారు బండ్ల ఇంజన్లకు ఎక్కుడు ఎక్కే సత్తువ తక్కువ కాబట్టి, ఆ కాలపు కొండ రోడ్లను వేసినవాళ్లు దూరం పెరిగినా సరేనని మెలికలు తిప్పి వాలు తగ్గించేవారు. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో 1916లో అంకితమైన కొలంబియా నది రహదారికి ఇంజనీరు శామ్యూల్ లాంకాస్టర్ పెట్టుకున్న గరిష్ఠ వాలు కూడా 5 శాతమే. ఇరవై అడుగులు ముందుకు సాగితే ఒక అడుగు ఎత్తు అన్నమాట. చక్రాల కుర్చీ సాగే బాటలకు నేటి ప్రమాణాలు సాధారణంగా అడిగేదీ ఇదే. నీరసపు ఇంజన్ల కోసం పడిన శ్రమ నూరేళ్ల తరువాత అక్క భుజాలకు పనికొస్తోంది.

మూడో మలుపు దగ్గర మాత్రం కుర్చీ లోపలి అంచు వైపు జారడం మొదలుపెట్టింది. అక్క ఒక చక్రాన్ని బిగించి పట్టుకుని, రెండో దాన్ని మాత్రమే తోస్తూ, "ఒరేయ్, ఇది నన్ను కాలువలోకి లాగేస్తోందిరా" అని కేక వేసింది. వేగంగా వచ్చే బండి మలుపులో బయటికి విసురుకుపోకుండా రోడ్డు బయటి అంచును ఎత్తి కడతారు; కార్లకు రక్ష అయిన ఆ అడ్డవాలే నడిచేవాళ్ల చీలమండలకూ కుర్చీ చక్రాలకూ శిక్ష. బాటకు అడ్డవాలు 2 శాతం మించకూడదంటారు, ఇక్కడ నా ఫోను 6 చూపించింది. రోడ్డు పొడవునా తారు గీకేసి రంగు పలకలు పరచాలన్నది ప్రతిపాదన. నా మటుకు నాకు అది డబ్బు దండగే; మలుపుల దగ్గర మాత్రం ఒక మనిషి, ఒక కుర్చీ పక్కపక్కన పట్టేంత వెడల్పున మట్టం సరిచేస్తే చాలు.

అసలు భయం నీటిది. నాలుగో తూము దగ్గర మోకాళ్ల మీద కూర్చుని చూస్తే, నోటి నిండా కుళ్లిన ఆకులూ ఒండ్రూ, వాటి మీద ఒక ప్లాస్టిక్ చెప్పు. లోపలికి దారి లేక నీరు రోడ్డు మీదుగానే పారి, దిగువ అంచున తారు కింది కంకరను తినేసింది; పైకి నున్నగా కనిపించే తారును మడమతో నొక్కితే పెళుసుగా విరిగింది. వాహనాలు తిరిగినన్నాళ్లూ ఎవరో ఒకరు వానలకు ముందు తూములు తీసేవారు. బాట అయ్యాక ఆ పని ఎవరిదో రాయకపోతే, పలకలు పరిచినా రెండు వానాకాలాలకు మించి నిలవవు. పుల్లతో కెలికి చెప్పు బయటికి లాగాను. సన్నటి ధార ఒకటి తూములోకి దిగింది.

ఒరెగాన్‌లో ఆ రహదారి వాడుక తప్పాక, మోజియర్ అనే చోట దాని జంట సొరంగాలను 1950లలో రాళ్లతో పూడ్చేశారు. దశాబ్దాల తరువాత ఆ రాళ్లన్నీ తవ్వి తీసి, 2000లో నడకకూ సైకిళ్లకూ తెరిచారు. ఆ లెక్కన మనం ఎత్తవలసింది రెండు మట్టి కట్టలే. వాటి స్థానంలో తాళం తీసి వంచగలిగే స్తంభాలు ఉండాలని రాసుకున్నాను, అంబులెన్సుకూ, పక్క చేలకు వెళ్లే ట్రాక్టర్లకూ దారి ఉండాలి కదా.

తిరుగు దారిలో అక్క నోటుపుస్తకం అడిగి తీసుకుంది. నేను లోయ కనిపించే చోట బెంచీకి గుర్తు పెట్టుకున్నాను. ఆమె దాన్ని కొట్టేసి, మూడో మలుపు దాటాక పదిహేను అడుగుల దూరంలో, రక్షణ గోడ నీడ పడే వైపు ఒక చిన్న చతురస్రం గీసి, పక్కన "చేతులు ఇక్కడ నొప్పి పుట్టాయి" అని రాసింది.