చుక్కల లెక్క

"మీ బడి డబ్బకు వాన సక్కగ కనవడదారా?"

పోయినేడు సెప్టెంబర్‌లో మా బాపు అడిగిన మాట ఇది. దేవరకొండ దగ్గర మా ఊళ్లో ఆ సాయంత్రం కుండపోత వాన. బత్తాయి తోటలో పాదులన్నీ నిండి గట్లు తెగాయి. నేను ఫిజిక్స్ చెప్పే హైస్కూల్‌లోని ఆటోమేటిక్ వానమాపకం మాత్రం 51 మిల్లీమీటర్లు చూపించింది. మూడు కిలోమీటర్ల అవతల మండల ఆఫీసులో చేత్తో కొలిస్తే 62.

ఒక చేను తడిసి పక్క చేను ఎండిపోయే వానలు మావి. కాబట్టి ఆ రెండు అంకెలను పోల్చి ఎవరిది తప్పో చెప్పలేం. రెండు పరికరాలూ ఒకే వాన కింద ఉండాలి. ప్రపంచ వాతావరణ సంస్థ చేయించింది అదే. ముందు 2004-05లో నెదర్లాండ్స్, ఫ్రాన్స్, ఇటలీ ల్యాబుల్లో రకరకాల వానమాపకాల్లో కొలిచిన నీళ్లు పోసి చూశారు. తర్వాత 2007 అక్టోబర్ నుంచి 2009 ఏప్రిల్ దాకా ఇటలీలోని విన్యా ది వాల్లేలో వాటిని పక్కపక్కనే పెట్టి వదిలేశారు. ప్రమాణంగా తీసుకున్నవాటిని గోతిలో దించారు, మూతి సరిగ్గా నేలమట్టానికి ఉండేలా. నేలపైన నిలబెడితే గాలి కొన్ని చినుకులను మూతి మీదుగా ఎగరగొట్టుకుపోతుంది మరి.

నేనూ ఆ దారే పట్టాను. చేత్తో కొలిచే మామూలు ఫైబర్ వానమాపకం ఒకటి కొని, బడి మిషన్‌కు రెండు మీటర్ల దూరంలో పాతి, మేస్త్రి దగ్గర మట్టం అడిగి తెచ్చి మూతి వంకర లేకుండా సరిచేశాను. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు రీడింగ్. మన వాతావరణ శాఖ టైమ్ అదే, గ్రీనిచ్ లెక్కలో తెల్లవారుజాము మూడు. ఆదివారాలు కూడా వెళ్లాల్సి వచ్చింది, ఇంట్లో మాటలు పడ్డాను. మూడు వారాల్లో ఒక సంగతి తేలింది. ముసురు పట్టిన రోజు రెండూ ఒక్కటే చెప్తున్నాయి. దంచికొట్టిన రోజు మాత్రం మిషన్ వెనకబడుతోంది.

లోపల చూస్తే కారణం కళ్ల ముందే ఉంది. గరాటు కింద ఉయ్యాల బల్లలా రెండు చిన్న గిన్నెలు. ఒకటి నిండగానే టక్కున ఒరిగి నీళ్లు పారబోస్తుంది, రెండోది గరాటు కిందికి వస్తుంది. ఒక్కో టక్కుకు 0.2 మిల్లీమీటర్లు. మూతి వైశాల్యం 200 చదరపు సెంటీమీటర్లు, అంటే ఒక్కో టక్కుకు 4 మిల్లీలీటర్లు. కానీ గిన్నె ఒరగడానికి అర సెకను పడుతుంది. ఆ అర సెకనులో పడే నీళ్లు నిండిన గిన్నెలోకే పోయి లెక్కకు రాకుండా పోతాయి. చిన్న వానకు అదేం కనపడదు. పెద్ద వానకు గిన్నె ఆరు సెకన్లకోసారి ఒరుగుతుంటే ప్రతిసారీ కొంత ఎగిరిపోతుంది.

అది ఎంతో తేల్చడానికి మెడికల్ షాపులో సెలైన్ సెట్ కొన్నాను. షాపాయన "ఎవరికి సార్ బాగలేదు?" అని అడిగాడు. వానకు అంటే నమ్మలేదు. 400 మిల్లీలీటర్లు పోస్తే 20 మిల్లీమీటర్ల వాన లెక్క, వంద టక్కులు రావాలి. గంట సేపు చుక్కచుక్కగా పోశాం. తొమ్మిదో తరగతి పిల్లలు ఇద్దరు చెవులు పెట్టి లెక్కపెట్టారు.

మొదటివారం నేనే చెడగొట్టాను. స్కూల్ బోరు నీళ్లు వాడాను. నల్లగొండ బోరు నీళ్ల సంగతి చెప్పాలా? నాలుగైదు రోజుల్లో గిన్నెల అడుగున తెల్లగా పొర కట్టింది. గిన్నెలో చోటు తగ్గి తొందరగా ఒరుగుతోంది, వందకు 104 వస్తున్నాయి. నిమ్మరసం పోసి నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో కడిగి, ఇన్వర్టర్‌లో పోసే డిస్టిల్డ్ వాటర్ కొనుక్కొచ్చి మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి 99. అవే 400 మిల్లీలీటర్లు పది నిమిషాల్లో పోస్తే 91. రెండోదానికి సెలైన్ సెట్ చాలలేదు, వాటర్ బాటిల్ మూతకు సూదితో బెజ్జాలు పొడిచాం.

అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే "వారంటీ అయిపోయింది, కొత్తది తీసుకోండి" అన్నారు. కొత్తదైనా ఉయ్యాల బల్లే కదా! గిన్నెల కింద రెండు స్క్రూలున్నాయి, తిప్పితే గిన్నె ముందే ఒరుగుతుంది. అవి తిప్పి పెద్ద వానకు సరిచేస్తే చిన్న వానకు ఎక్కువ చూపిస్తుంది. అందుకే వాటి జోలికి పోలేదు. నాలుగు వేగాల్లో నీళ్లు పోసి, ఏ వేగానికి ఎంత కలపాలో పట్టిక రాసి రిజిస్టర్‌లో అంటించాను. అక్టోబర్‌లో పడిన ఒక గట్టి వానకు మిషన్ 38.6 చూపింది, పట్టిక ప్రకారం కలిపితే 41.2. పక్కనున్న ఫైబర్ దాంట్లో 41.8.

ఆ మిగిలిన తేడాకు ఇంకా కారణం దొరకలేదు. ఇక రెండింటికీ కలిసి గాలి ఎంత దోచుకుపోతోందో గొయ్యి తవ్వితేనే తెలుస్తుంది. హెడ్‌మాస్టర్ గారిని అడిగాను. పిల్లలు పడతారు, పైన జాలీ వేయించేదాకా పార ముట్టొద్దన్నారు. చినుకులు నేల మీద పడి గోతిలోకి చిందకుండా జాలీ ఎలాగూ వేయాల్సిందే. వెల్డింగ్ షాపాయన వచ్చే సోమవారం ఇస్తానన్నాడు, మూడు సోమవారాలుగా.