టైర్ల మీద అక్షరాలు

"అంతర్వేదికి నేను రాను. టైర్లు మధ్యలో వదిలేసి ఎలా వస్తాను?" అన్నాడు మావాడు. పన్నెండేళ్ళవాడు, లొల్ల దగ్గర మా అమ్మావాళ్ళింట్లో, మే నెల ఉక్కలో, ఫార్ములా వన్ కారు బొమ్మ ముందేసుకుని కూర్చున్నాడు. అసలు కారులో ఇరవయ్యో వంతు ఉండే కిట్ అది.

నాకు కోపం వచ్చింది. గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే చోటు వాడికి చూపించాలని ఏడాదంతా అనుకున్నాను. ఇంట్లో తెలుగే మాట్లాడాలని పట్టుబట్టేదాన్నీ నేనే, హోంవర్క్ దగ్గర టెన్షన్ పడి ఇంగ్లీషులో అరిచేదాన్నీ నేనే. ఆ లోటంతా ఈ సెలవుల్లోనే తీరిపోవాలని నా పంతం. చివరికి వాణ్ణి అమ్మ దగ్గర వదిలి మేం వెళ్ళాం. గుడిలో ఉన్నంతసేపూ మనసు ఇంటి మీదే.

ఆ పని ఎంత కష్టమో తిరిగొచ్చాక తెలిసింది. టైరు అడ్డకొలత మూడు సెంటీమీటర్ల పైచిలుకు. దాని పక్క అంచు మీద కంపెనీ పేరు వంపు తిరిగి కూర్చోవాలి. బాడీకి వేసే, నీళ్ళలో నానేసి అంటించే స్టిక్కర్లు మెత్తటి రబ్బరు మీద సరిగా పట్టవు, అంచులు లేస్తాయి. అందుకే వాడి కిట్‌లో టైర్లకి వేరే రకం ఇచ్చారు. జిగురు వైపు టైరుకి అదిమి, వెనక కాగితం తడిపి, కాసేపాగి మెల్లగా లాగితే అక్షరాలు మాత్రం మిగులుతాయి. అంతకుముందే టైర్లని గిన్నెల సబ్బుతో కడిగి ఆరబెట్టాలి, అచ్చులో పోసినప్పటి జిడ్డు ఉంటే జిగురు పట్టదు. చెమట వేలు తగిలినా అంతే. ఫ్యాన్ వేస్తే ముక్కలు ఎగిరిపోతాయి, ఆపితే చెమట. వాడు ఆపమంటే అమ్మ మారుమాట లేకుండా ఆపేసి, వాడి వీపుకి మాత్రం విసనకర్రతో విసురుతూ కూర్చుందట.

మొదటి టైరు మీద ఒక అక్షరం కాగితంతోపాటే లేచొచ్చింది. వాడు కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, "తొందరపడకు నాన్నా, అది తనంతట వదలాలి. మళ్ళీ తడుపు" అందట అమ్మ. పెళ్ళికి ముందు ఆత్రేయపురంలో పూతరేకులు చుట్టిన చెయ్యి ఆవిడది. కుండ మీద తీసిన రేకుని తడిగుడ్డతో అద్ది మెత్తబడ్డాకే మడతపెడతారు. పొడిగా ఉండగా వంచితే విరుగుతుంది, మరీ తడిస్తే ముద్దయిపోతుంది. ఎంత తడి చాలో ఆవిడ వేలికి తెలుసు. దూది పుల్ల ముంచి, పిండి, కాగితం వెనక అద్ది చూపించింది. మేం వచ్చేసరికి మిగతా టైర్లన్నీ అయిపోయాయి.

"తడి చాలక లేచిందంట, అమ్మమ్మ చెప్పింది" అన్నాడు. తెలుగులోనే, నేను అడక్కుండా.

పిల్లలతో ఊరెళ్ళే అమ్మలకి ఒక మాట చెప్పాలని ఇది మొదలుపెట్టాను: వాళ్ళకి ఇష్టమైన పనిని వాళ్ళతో తెచ్చుకోనివ్వండి అని. ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేకపోతున్నాను. మర్నాడు వాడు బాడీ పని మొదలుపెట్టాడు. నీళ్ళలో నానేసి జార్చే స్టిక్కర్లు వాడికి బాగా వచ్చు, ఎవరి సాయమూ అక్కర్లేదు. అమ్మ కుర్చీ జరుపుకుని పక్కనే కూర్చుంది. వాడు చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నాడు. తీసెయ్యమని అరవబోయి ఆగాను. అరిస్తే తీసేస్తాడు, కానీ ఆ తర్వాత మాటలు నేను పుట్టించలేను కదా. "పోనీవే, పని చేసుకోనీ" అంది అమ్మ. ఆవిడకి నిజంగా బాధ లేదో, నా మొహం చూసి అలా అందో.

వచ్చే వేసవికి ఇంకా కష్టమైన కిట్ కొందామంటున్నారు మావారు. కష్టమైతే అమ్మమ్మ అవసరం పడుతుందని ఆయన లెక్క. పిల్లాడికి అవసరాన్ని మనమే అలా కల్పించడం నాకు నచ్చదు, ఆ మాట ఆయనతో గట్టిగానే అన్నాను. అయినా ఏ కిట్‌లో టైర్లకి జిగురు అక్షరాలు వస్తాయో రాత్రిళ్ళు వెతుకుతూనే ఉన్నాను.