చీలమండకి చేపల ఐసు

"అన్నా, కదలకు" అన్నాడు మా డబుల్స్ పార్ట్‌నర్. కదిలే పరిస్థితిలో ఉంటే కదా!

పొద్దున ఆరున్నర, చెన్నైలో ఎలియట్స్ బీచ్. బీచ్ టెన్నిస్‌లో బంతి ఇసుకని తాకకముందే కొట్టాలి. తలెత్తి వెనక్కి పరిగెత్తానా, నిన్న ఏ పిల్లలు తవ్వారో, ఆ గుంటలో ఎడమ కాలు దిగబడింది. చీలమండలో టక్‌మంది. పాయింట్ మాత్రం మాదే, అది రాసి పెట్టుకోండి.

పక్కనున్న జాలర్ల పేట ఊరూర్ కుప్పం వైపు వెళ్తున్న చేపలావిడ ఆగి, తట్టలోంచి గుప్పెడు ఐసు కవర్లో వేసి ఇచ్చింది. డబ్బులిస్తే తీసుకోలేదు. ఇప్పుడు కాలంతా వంజరం వాసన. ఇంట్లో పిల్లి నన్ను వదలట్లేదు.

ఇసుకే కదా, పడినా ఏం కాదనుకున్నాను. పడితే నిజంగానే ఏం కాలేదు. పాదం లోపలే ఉండిపోయి ఒళ్లు పక్కకి తిరగడంతోనే వచ్చింది తంటా. ఎముక విరగలేదట, బయటివైపు లిగమెంట్ సాగిందట.

డాక్టర్ భుజం కూడా నొక్కి చూశారు. కెవ్వుమన్నాను. బంతి కింద పడి లేవని ఆట, సగం షాట్లు చెయ్యెత్తి తల పైనుంచే కొట్టాలి కదా. రెండు వారాలుగా సలుపుతుంటే, దిండు వల్లేమోనని దిండు మారుస్తూ కూర్చున్నాను.

అమ్మకి మాత్రం మెట్ల మీద జారానని చెప్పాను. "ఇసుక ఎక్కడిదిరా మరి?" అంది వీడియో కాల్లో.