శనివారం డైరీ: పక్క ఊరి అవంతిక

తెనాలి నుంచి అమ్మ వీడియో కాల్ చేసేసరికి నేనింకా కాఫీ కూడా తాగలేదు. అక్కడ రాత్రి తొమ్మిది అయ్యుంటుంది. "ఏమే, ఆ అవంతిక అనే అమ్మాయిది మీ పక్క ఊరేనట కదా?" అని మొదలుపెట్టింది. పక్కింటి వాళ్ల అమ్మాయి ఫోన్‌లో చూపించిందట. మహేశ్‌బాబు 'బ్రహ్మోత్సవం'లో చిన్నపిల్లగా వేసిందని, ఇప్పుడు హాలీవుడ్‌లో చేస్తోందని సగం కథ అమ్మకి అప్పటికే తెలుసు. మిగతా సగం నా దగ్గర రాబట్టడానికే ఈ ఫోన్.

నాకు తెలిసింది చెప్పాను. పూర్తి పేరు అవంతిక వందనపు, తెర మీద మాత్రం ఒట్టి అవంతికే. 2005 జనవరిలో ఇక్కడే కాలిఫోర్నియాలో, యూనియన్ సిటీలో పుట్టింది. అమ్మానాన్నలది హైదరాబాద్ వైపు తెలుగు కుటుంబం. యూనియన్ సిటీ అంటే మా ఫ్రీమాంట్‌ని ఆనుకునే ఉంటుంది. ఒక ఊరు ఎక్కడ అయిపోయి ఇంకోటి ఎక్కడ మొదలైందో బోర్డు చూస్తే తప్ప తెలియదు. చిన్నప్పుడే డాన్స్ నేర్చుకుని, 2014లో జీ టీవీ వాళ్లు ఉత్తర అమెరికా పిల్లల కోసం పెట్టిన 'డాన్స్ ఇండియా డాన్స్ లిటిల్ మాస్టర్స్'లో రెండో స్థానంలో నిలిచింది. 

"మరి ఇక్కడెందుకు వేసింది సినిమాలు? అక్కడే వేయొచ్చుగా?" అంది అమ్మ. అమ్మ అడిగే ప్రశ్నలు ఇలాగే సూటిగా ఉంటాయి. అప్పట్లో ఆ వయసు మన పిల్లకి ఇక్కడ దొరికే వేషాలు దాదాపు లేవమ్మా అన్నాను. అమెరికాలో పుట్టిన పిల్ల నటించాలంటే హైదరాబాద్ వెళ్లాల్సి వచ్చింది. 2016లో 'బ్రహ్మోత్సవం', అదే ఏడాది నాగచైతన్య 'ప్రేమమ్', ఆ తర్వాత ఇంకొన్ని. అన్నీ చిన్న వేషాలే. 'బ్రహ్మోత్సవం' ఆడలేదు కానీ, ఆ సెట్‌లో పదకొండేళ్ల పిల్ల ఎంత నేర్చుకుని ఉంటుందో అని నాకు అనిపిస్తుంది. సత్యరాజ్, రేవతి, జయసుధ, రావు రమేశ్ లాంటి వాళ్లంతా ఒకే ఫ్రేములో నిండుగా ఉండే సినిమా అది. మాట లేని షాట్‌లో కూడా ముఖం ఖాళీగా ఉండకూడదన్న సంగతి అలాంటి చోటే ఒంటబడుతుంది.

ఇంతవరకూ అమ్మ మురిసిపోతూనే వింది. "ఇంతకీ పెద్ద పేరు దేంతో వచ్చింది?" అంది. 'మీన్ గర్ల్స్' అని చెప్పాను. "అందులో ఏం వేషం?" బడిలో అందరికన్నా తెలివితక్కువ పిల్ల వేషం అన్నాను. అమ్మ మొహం చిన్నబోయింది. "అదేంటే, అంత దూరం వెళ్లి తెలివితక్కువ పిల్లగానా? డాక్టరుగానో, లాయరుగానో ఇవ్వలేదూ?"

ఆ మాట పొద్దుటి నుంచీ నన్ను వదల్లేదు. అందుకే ఈ రాత్రి కూర్చుని రాస్తున్నాను. 

నాకు ఆ సినిమాలో బాగా నచ్చిందే అది. అమెరికన్ తెర మీద మనవాళ్లు కనబడటం మొదలైన దగ్గర్నుంచీ ఏమేం వేషాలు వేశారో గుర్తు తెచ్చుకుంటే చాలు. టాక్సీ నడిపేవాడు, కంప్యూటర్ బాగుచేసేవాడు, ఆస్పత్రిలో రెండు ముక్కలు చెప్పి వెళ్లిపోయే డాక్టరు, స్పెల్లింగ్ బీ పోటీ గెలిచే పిల్లాడు. 'ది సింప్సన్స్' అనే టీవీ కార్టూన్‌లో కిరాణా కొట్టు నడిపే అపూ అనే మనవాడు ఉన్నాడు, ఆ పాత్రకి ఏళ్ల తరబడి గొంతు ఇచ్చింది హాంక్ అజారియా అనే తెల్ల నటుడు. ఆడపిల్లలకైతే ఇంకా తక్కువ. ఉంటే గింటే కళ్లజోడు పెట్టుకుని ముందు బెంచీలో కూర్చునే పిల్ల, హీరోయిన్‌కి హోంవర్క్ చేసిపెట్టే పిల్ల. అందంగా ఉండటం, పార్టీలకి వెళ్లటం, వెర్రిమాటలు మాట్లాడి నవ్వించటం అన్నీ తెల్లపిల్లల సొత్తు. 

'మీన్ గర్ల్స్' మొదటి సినిమా 2004లో వచ్చింది. అందులో ఆ తెలివితక్కువ పిల్ల కారెన్ స్మిత్‌గా వేసింది అమాండా సైఫ్రిడ్, బంగారు రంగు జుట్టు పిల్ల. అదే కథ తర్వాత న్యూయార్క్‌లో నాటకాలకి పేరున్న బ్రాడ్‌వే మీద పాటల నాటకంగా ఆడింది. ఆ నాటకాన్ని మళ్లీ సినిమాగా తీసి 2024 జనవరిలో విడుదల చేశారు. రెండు సినిమాలకీ స్క్రీన్‌ప్లే టీనా ఫేదే. కొత్త సినిమాలో కారెన్ వేషం అవంతికకి వచ్చింది. స్మిత్ కాస్తా శెట్టి అయింది. మారింది ఇంటిపేరొక్కటే. ఆ పిల్లకి హఠాత్తుగా లెక్కలు రావు, తల్లిదండ్రులు వచ్చి మార్కుల గురించి తిట్టరు, వేరే సంస్కృతి గురించి ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు. ఆ బడిలో అందరికంటే అందమైన ముగ్గురిలో ఒకతి, అందరికంటే వెర్రిబాగుల్ది, ఆ ముగ్గురిలో మనసులో కల్మషం లేనిది కూడా ఆవిడే. 

అమాయకురాలి వేషం కట్టి నవ్వించాలంటే టైమింగ్ చాలా కచ్చితంగా ఉండాలి. ఎదుటివాళ్లు ఏదో అంటారు. అవంతిక ముఖంలో అది అర్థం కావటానికి ఒక క్షణం ఎక్కువ పడుతుంది. ఆ క్షణాన్ని ఆ అమ్మాయి ఏ మాత్రం తొందరపడకుండా సాగదీస్తుంది, కళ్లు పెద్దవి చేసి చూస్తుందే తప్ప వెకిలిగా చేయదు. కారెన్‌ని చూసి నవ్వుతాం కానీ చులకనగా చూడబుద్ధి కాదు. హాలోవీన్ పాట మొత్తం ఆ అమ్మాయిదే. అందులో పాడుతూ, ఆడుతూ, మధ్యలో తెలివితక్కువతనం కూడా వదలకుండా పట్టుకొస్తుంది. మన సినిమాల్లో కామెడీ చేసే ఆడవాళ్లంటే నాకు చిన్నప్పటి నుంచీ గౌరవం. శ్రీలక్ష్మి గారు నవ్వించినట్టు నవ్వించటం హీరోయిన్లందరికీ చేతకాదు. ఇదంతా అమ్మకి ఫోన్‌లో చెప్పలేకపోయాను, ఈలోగా మా పాప డాన్స్ క్లాసుకి టైమైపోయింది. "తెలివైన వేషాలు మనకి ఎలాగూ ఇస్తారమ్మా, ఇదే ఎప్పుడూ ఇవ్వలేదు" అని మాత్రం అన్నాను. "ఏమోనమ్మా" అంది, కానీ సినిమా పేరు మళ్లీ అడిగి రాసుకుంది.

క్లాసుకి నైల్స్ మీదుగా వెళ్లాం. నైల్స్ ఇప్పుడు ఫ్రీమాంట్‌లో ఒక భాగం. పాత సామాన్ల కొట్లు, రైలు పట్టాలు, పక్కనే కొండల మధ్య నుంచి వచ్చే వాగు. అమెరికన్ సినిమా కొన్నాళ్లు ఇక్కడ కాపురం పెట్టిందని ఈ వీధి చూస్తే ఎవరూ అనుకోరు. 'బ్రాంకో బిల్లీ' ఆండర్సన్ అనే నటుడు ఎస్సనే అనే సినిమా కంపెనీ స్టూడియోని ఇక్కడే పెట్టి కౌబాయ్ మూకీలు తీశాడు. 1915 మొదట్లో చార్లీ చాప్లిన్ వచ్చి ఈ నైల్స్‌లో ఐదు సినిమాలు తీశాడు. 'ది ట్రాంప్' వాటిలో ఒకటి. చివర్లో చాప్లిన్ వీపు మనవైపు పెట్టి మట్టిరోడ్డు మీద నడిచి వెళ్లిపోయే సీను తీసింది ఈ కొండల దగ్గరే. 1916లో స్టూడియో మూసేశారు. ఆ కాలం నాటి చిన్న థియేటర్లో ఇప్పుడు మ్యూజియం నడుస్తోంది.

పాపకి పదేళ్లు. కారులో వెనక సీట్లోంచి, "అమ్మా, నేనూ యాక్టింగ్ క్లాసులో చేరనా? అవంతిక చేరిందిగా" అంది. పొద్దున ఫోన్ మొత్తం విందన్నమాట. సరదాకి అడగలేదు, అద్దంలో చూస్తే ముఖం సీరియస్‌గా ఉంది. చూద్దాం అన్నాను. చూద్దాం అంటే వద్దని కాదు. నాకు నిజంగా టెన్షన్‌గానే ఉంది.

క్లాసు బయట కూర్చున్నంతసేపూ అదే ఆలోచన. చాప్లిన్ పేరు తలుచుకోగానే జాకీ కూగన్ గుర్తొచ్చాడు. 1921లో 'ది కిడ్' సినిమాలో చాప్లిన్ పక్కన చిరిగిన బట్టలతో ఉండే ఆ పసివాడే. ఆ తర్వాత ప్రపంచమంతా తెలిసిన పిల్లాడయ్యాడు. చిన్నతనంలో వాడు సంపాదించింది 30 నుంచి 40 లక్షల డాలర్లు ఉంటుందని అంచనా. ఇరవై ఒక్కటి నిండి తన డబ్బు తను అడిగితే, తల్లి, సవతి తండ్రి అంతా ఖర్చుపెట్టేసి ఉన్నారు. 1938లో సొంత తల్లి మీద కేసు వేయాల్సి వచ్చింది. చేతికి వచ్చింది 1,26,000 డాలర్లు. ఆ గొడవ వల్లే కాలిఫోర్నియా 1939లో పిల్ల నటుల కోసం చట్టం చేసింది. దాన్ని ఇప్పటికీ కూగన్ చట్టం అనే పిలుస్తారు. 2000 నుంచి అమల్లో ఉన్న సవరణ ప్రకారం పిల్లలు సంపాదించే దాంట్లో 15 శాతం వాళ్ల పేరున ఉన్న ఖాతాలో పడాల్సిందే, పద్దెనిమిదేళ్లు నిండేదాకా ఎవరూ ముట్టుకోకూడదు.

ఇక్కడి రూల్స్ చదివితే కొంచెం ధైర్యం వచ్చింది. పని చేయాలంటే పిల్లలకి ముందు రాష్ట్ర కార్మిక శాఖ పర్మిట్ ఉండాలి, అది ఆరు నెలలకే. బళ్లో మార్కులు, హాజరు బాగున్నాయని కాగితం కావాలి. బడి రోజుల్లో మా పాప వయసు వాళ్లు సెట్‌లో ఉండేది మొత్తం తొమ్మిది గంటలు: పని ఐదు గంటలు, చదువు మూడు గంటలు, విశ్రాంతి ఒక గంట. సెట్‌లోనే ఒక టీచర్ ఉంటారు. మన దేశంలో కూడా 2017 రూల్స్ ప్రకారం పిల్ల ఆర్టిస్టులని రోజుకి ఐదు గంటలకి మించి పని చేయించకూడదు, సంపాదనలో 20 శాతం జాతీయ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయాలి. ఈ సంగతి పిల్లల్ని షూటింగులకి, టీవీ షోలకి తీసుకెళ్లే తల్లిదండ్రులందరికీ తెలియాలి.

డబ్బు గురించి చట్టం ఉంది, గంటల గురించి ఉంది. 2024 ఏప్రిల్‌లో అవంతికకి జరిగిన దానికి మాత్రం ఏ చట్టమూ అడ్డు రాలేదు. డిస్నీ వాళ్లు కొత్తగా తీసే 'రపుంజెల్'లో, అదే పొడుగాటి బంగారు జుట్టు రాకుమారి కథలో, ఆ అమ్మాయే హీరోయిన్ అని ఒక పుకారు పుట్టింది. డిస్నీ అలాంటిదేమీ ప్రకటించలేదు. అభిమానులు సరదాగా ఊహించుకున్న మాట అది. అంతమాత్రానికే పంతొమ్మిదేళ్ల పిల్ల సోషల్ మీడియా పేజీ మీద జనం పడి, రంగు గురించి, పుట్టుక గురించి రాయరాని రాతలు రాశారు. ఇవ్వని వేషానికి అన్ని తిట్లు! అప్పుడు ఆ రాతలు చదివి నేను ఏడ్చాను. ఆ అమ్మాయి మా పాపకి తొమ్మిదేళ్ల ముందు ఇదే కొండల నీడలో పెరిగిన పిల్ల కదా అనిపించింది. పాప అద్దంలో తన జుట్టు చూసుకున్నప్పుడల్లా ఇప్పటికీ అది గుర్తొస్తుంది.

అయినా అవంతిక ఆగలేదు. ఆ గొడవకి ముందు నెల మార్చిలో ప్రైమ్ వీడియోలో 'బిగ్ గర్ల్స్ డోంట్ క్రై' అనే మన దేశపు సిరీస్ వచ్చింది, గొడవ తర్వాత మే నెలలో 'టారో' అనే దయ్యాల సినిమా. దయ్యాలంటే నాకు భయం, అది చూడలేదు. 

ఇంటికొచ్చి పప్పుచారు పెట్టి, మా ఆయనతో ఈ యాక్టింగ్ క్లాసు సంగతి చెప్పాను. "ముందు బళ్లో వేసే నాటకంలో వేయనీ. ఇష్టం నిలబడితే అప్పుడు చూద్దాం" అన్నారు. అది బాగానే ఉందనిపించింది. పాప కూడా ఒప్పుకుంది, కానీ బదులుగా 'మీన్ గర్ల్స్' చూపించమంది. అది పీజీ-13, అంటే పదమూడేళ్ల లోపు పిల్లల విషయంలో తల్లిదండ్రులు జాగ్రత్తపడాలని ముద్ర వేసిన సినిమా, ఇప్పుడే కాదన్నాను. దాని బదులు రేపు 'స్పిన్' చూద్దామని తేలింది. 2021 ఆగస్టులో డిస్నీ చానల్లో వచ్చింది. చానల్ సొంతంగా తీసిన సినిమాల్లో భారతీయ అమెరికన్ పిల్ల కథానాయికగా వచ్చిన మొదటిది అదే. అవంతిక అందులో రియా, ఇంట్లోవాళ్ల హోటల్లో పని చేస్తూ డీజే మ్యూజిక్ మీద ఇష్టం పెంచుకునే పిల్ల. నాన్నగా అభయ్ దేఓల్, బామ్మగా మీరా స్యాల్. డైరెక్టర్ మంజరి మకిజానీ 'షోలే'లో సాంబా వేసిన మాక్ మోహన్ గారి అమ్మాయి. ఈ సంగతి చెప్తే మా ఆయన కూడా చూస్తానన్నారు. అదే నెలలో పది రోజులు తిరక్కుండానే తమిళంలో 'భూమిక' వచ్చింది, అందులో టైటిల్ పాత్ర అవంతికదే. ఒకే ఆగస్టులో డిస్నీ కంపెనీకీ, తమిళ ప్రేక్షకులకీ ఒకే పిల్ల. అది అమ్మకి చెప్పడం మర్చిపోలేదు, మెసేజ్ పెట్టాను. అక్కడ ఇప్పటికే తెల్లారి ఉంటుంది, చూస్తుంది.