ఏప్రిల్‌లో ఒరెగాన్ కోస్ట్, అమ్మ, గొడుగు

అమ్మ పోర్ట్‌లాండ్‌లో మా దగ్గరికి వచ్చి నెల దాటింది, మే మొదట్లో తిరుగు ప్రయాణం, ఈలోపు ఒకసారి సముద్రం చూపిద్దామని ఏప్రిల్ రెండో వారం వీకెండ్‌కి డెపో బేలో రూమ్ బుక్ చేసేశా. క్యాన్సిల్ చేస్తే డబ్బులు తిరిగి రావు. ఇక ఆ రోజు నుంచీ నాకు ఒకటే పని, పొద్దున లేవగానే ఫోర్‌కాస్ట్, పడుకునే ముందు ఫోర్‌కాస్ట్. పది రోజుల ముందు ఔట్‌లుక్ మ్యాప్ చూస్తే మా తీరమంతా ఆకుపచ్చ, అంటే మామూలు కంటే ఎక్కువ వాన పడే ఛాన్స్, టెంపరేచర్ మ్యాప్‌లో నీలం, అంటే మామూలు కంటే చలి. నాలుగు రోజుల ముందుకి వచ్చేసరికి శనివారం 60 శాతం షవర్స్, ఆదివారం 20 శాతమే.

"మానేద్దామా పోనీ" అన్నారు మా ఆయన. అప్పటికి నేను నేషనల్ వెదర్ సర్వీస్ వాళ్ళు తమ అంచనా వెనక కారణాలు వివరిస్తూ రాసే ఫోర్‌కాస్ట్ డిస్కషన్ కూడా చదివేస్తున్నా, అంత దూరం వెళ్ళిపోయా అన్నమాట. అందులో ఉన్నదాన్ని బట్టి నాకు అర్థమైంది ఏంటంటే ఒక అల్పపీడనం తీరానికి అవతల తిష్ట వేసుకుని కూర్చుంది, అది ఎటు జరుగుతుందో వాతావరణాన్ని లెక్కగట్టే కంప్యూటర్ మోడల్స్‌కే ఏకాభిప్రాయం లేదు. ఇంకోటి, ఈ 60 శాతం అంటే రోజులో 60 శాతం వాన అని కాదు, ఆ చోట ఆ టైమ్‌లో అంగుళంలో వందో వంతు అయినా పడే అవకాశం అంతే. అదీగాక 'రెయిన్' వేరు 'షవర్స్' వేరట. ఫ్రంట్, అంటే చల్లగాలి వెచ్చగాలి కలిసే సరిహద్దు, వచ్చినప్పుడు మబ్బు పరుచుకుని గంటలకి గంటలు కురిసేది రెయిన్, అది దాటిపోయాక పైన చల్లటి గాలి, కింద దానికంటే వెచ్చగా ఉన్న సముద్రం, ఆ తేడాకి గుట్టలు గుట్టలుగా మబ్బులు లేచి కాసేపు కురిసి పోయేవి షవర్స్. మధ్యలో ఎండ వస్తే దానికి ఇక్కడి వాళ్ళ దగ్గర ప్రత్యేకంగా ఒక మాటే ఉంది, సన్‌బ్రేక్స్. సరే పదండి అన్నా.

శనివారం డెపో బేకి పోయే దారిలో ముందు క్యానన్ బీచ్, మా ఇంటి నుంచి 80 మైళ్ళు. లో టైడ్, అంటే సముద్రం బాగా వెనక్కి తగ్గే టైమ్, పొద్దున తొమ్మిదిన్నర ప్రాంతంలో కాబట్టి ఏడుకే బయల్దేరాం. హైవే 26 మీద కోస్ట్ రేంజ్ కొండలెక్కుతుంటే ఉన్నట్టుండి టపటపా మొదలైంది, అద్దం మీద పడి ఎగురుతున్నాయి, వైపర్ కింద తెల్లగా పోగుపడుతున్నాయి. "ఇవేంటే సగ్గుబియ్యంలా ఉన్నాయి" అంది అమ్మ. నిజంగా అచ్చం సగ్గుబియ్యమే, గుండ్రంగా, మెత్తగా, కిటికీ దించి నాలుగు చేతిలోకి తీసుకుంటే నొక్కగానే చితికిపోయాయి, మెత్తటి మంచు గుళ్ళు. పది నిమిషాలు. తర్వాత రోడ్డంతా ఆవిర్లు, ఎండ.

క్యానన్ బీచ్‌లో హేస్టాక్ రాక్ దగ్గర నీళ్ళు వెనక్కి వెళ్ళి రాళ్ళు బయటపడ్డాయి. 235 అడుగుల బండ అది, దూరం నుంచి ఫోటోల్లో చూస్తే ఏం తెలీదు, కింద నిలబడితే తెలుస్తుంది. గుంటల్లో ఊదారంగు స్టార్‌ఫిష్‌లు రాయిని కరుచుకుని ఉన్నాయి, పచ్చటి అనెమోనీలు అనే సముద్రపు జీవులు నీళ్ళలో పువ్వుల్లా విచ్చుకుని, నీళ్ళు లేని చోట మాత్రం ముడుచుకుపోయి ఇసుక అంటుకుని ముద్దల్లా ఉన్నాయి. వాలంటీర్లు టెలిస్కోప్ పెట్టి గడ్డి వాలు మీద పఫిన్‌లు అనే సముద్రపు పక్షులని చూపించారు, ఏప్రిల్‌లోనే ఇవి గూళ్ళ కోసం ఈ బండకి వస్తాయి, నారింజ ముక్కు కనబడగానే అమ్మ "చిలకలా ఉందే" అని కంటికి ఇంకా దగ్గరగా ఆనించుకుంది.

అంతలో ఇంకో జల్లు. అమ్మ ఇండియా నుంచి తెచ్చుకున్న మూడు మడతల గొడుగు తీసింది. నేను వద్దనేలోపే గాలికి అది గిన్నెలా తిరగబడింది, అమ్మ దాన్ని వదలదు, గాలీ వదలదు, మా ఆయన పరిగెత్తుకొచ్చి "అత్తయ్యా వదిలేయండి, మీరు పడతారు" అని ఇద్దరూ కలిసి దాంతో కుస్తీ. బీచ్ మొత్తంలో గొడుగు పట్టుకుంది మేమొక్కళ్ళమే, మిగతా అందరూ హుడ్ ఉన్న జాకెట్లలో తాపీగా తిరుగుతున్నారు, కుక్కలతో సహా. తర్వాత కాసేపు కూర్చుంటానని ఒడ్డున పెద్ద దుంగ చూసుకుంది, అది కూడా కుదరదని చెప్పాల్సొచ్చింది, ఇక్కడ స్నీకర్ వేవ్స్ అని ఉన్నట్టుండి మామూలు అలలని దాటుకుని చాలా పైకి వచ్చేస్తాయి, అంత బరువు దుంగనీ దొర్లించేస్తాయి. సముద్రానికి వీపు తిప్పొద్దని అందరూ చెప్పేది అందుకే.

హైవే 101 మీద టిలమూక్ మీదుగా డెపో బే చేరేసరికి సాయంత్రం. దారిలో ఏడు జల్లులు, అమ్మే లెక్కపెట్టింది. కానీ చీకటి పడేముందు గాలి తగ్గింది, సముద్రం బూడిద రంగులో నున్నగా ఉంది, గోడ దగ్గర నిలబడి పావుగంట అయిందో లేదో దూరంగా తెల్లటి ఊపిరి లేచి కరిగిపోయింది, కాసేపటికి కొంచెం ఉత్తరంగా ఇంకోటి. గ్రే వేల్స్. శీతాకాలం మెక్సికో వైపు గడిపి ఈ సీజన్‌లో ఆర్కిటిక్ దిక్కుకి పోతుంటాయి.

ఇక ఆదివారం. 20 శాతం అన్నారుగా, నిజంగానే నీలాకాశం, నేను ఎగిరి గంతేశా. హెసెటా హెడ్ లైట్‌హౌస్‌కి వెళ్దామని దక్షిణంగా 50 మైళ్ళు పోయాం, కారు ఆపితే అమ్మ వైపు డోర్ తెరుచుకోలేదు. గాలి. వాయవ్యం నుంచి, ఆగకుండా, చెవుల్లో హోరు. పది రోజులు నేను వాన శాతాలే చూశా గానీ కింద గాలి లైను ఒక్కసారి కూడా చదవలేదు! వసంతంలో ఇక్కడ గాలి దక్షిణం నుంచి వాయవ్యానికి మారుతుంది, మారాక పైనున్న నీళ్ళని తీరం నుంచి అవతలకి నెట్టేస్తే అడుగు నుంచి చల్లటి నీళ్ళు పైకొస్తాయి, సుమారు 10 డిగ్రీలు, ఆ నీళ్ళ మీదుగా వచ్చే గాలి మన ముక్కుకి తగులుతుంది. ఎండ ఉందన్న పేరే గానీ వెచ్చదనం లేదు. వాన పడ్డ శనివారమే నయం.

లైట్‌హౌస్ దాకా అరమైలు నడక, 1894 నుంచి ఉన్న దీపం, అమ్మ సగం దారిలో "నేను రానే, మీరు పోయి రండి" అని వెనక్కి తిరిగింది. నేనూ తిరిగొచ్చేశా. కార్లో కూర్చుని ఫ్లాస్క్‌లో కాఫీ తాగుతూ మళ్ళీ తిమింగలాల కోసం చూశాం, కానీ సముద్రం నిండా తెల్ల నురగలే, ప్రతి నురగా ఊపిరిలాగే కనబడుతుంటే ఏది ఏదో ఎవరికి తెలుస్తుంది?

మధ్యాహ్నం కొండలు దాటి లోయలోకి దిగేసరికి గాలి లేదు, జనం టీషర్టుల్లో తిరుగుతున్నారు. అమ్మ వెనక సీట్లో ముందు మంకీ క్యాప్, తర్వాత శాలువా, తర్వాత రెండు స్వెట్టర్లు ఒక్కొక్కటే తీసి మడతపెట్టింది. గొడుగు ఇంకా డిక్కీలోనే ఉంది, రెండు ఊచలు విరిగి, బాగు చేయించాలట, పారేయనివ్వట్లేదు.