స్కూల్ బోర్డు మీటింగ్‌లో మామయ్యగారి నాలుగు నిమిషాలు

కాలిఫోర్నియాలో ఉంటున్న మాలాంటి వాళ్లలో చాలామందికి ఎథ్నిక్ స్టడీస్ (అమెరికాలోని రకరకాల జాతులు, వలస వచ్చినవాళ్ల చరిత్ర చెప్పే స్కూలు సబ్జెక్టు) అంటే వాట్సాప్ గ్రూపులో జరిగే గొడవగానే తెలుసు. పిల్లల బుర్రల్లోకి రంగు, జాతి గోల ఎందుకని ఒకరు, ఈ సబ్జెక్టు వస్తే కంప్యూటర్ సైన్స్‌కి పీరియడ్ దొరకదేమోనని ఇంకొకరు. మా అమ్మాయి తొమ్మిదో తరగతికి వస్తోంది కదా అని నేను చట్టమే తీసి చదివాను.

2021 అక్టోబరులో గవర్నర్ గావిన్ న్యూసమ్ సంతకం పెట్టిన ఏబీ 101 అది. 2025-26 నుంచి ప్రభుత్వ హైస్కూళ్లు ఒక సెమిస్టర్ కోర్సు పెట్టాలి, 2029-30 బ్యాచ్ నుంచి అది పాసైతేనే డిప్లొమా. అయితే అందులోనే ఒక మెలిక ఉంది. శాసనసభ డబ్బు కేటాయిస్తేనే ఈ నిబంధన అమల్లోకి వస్తుంది. 2021లో ఒకసారి 5 కోట్ల డాలర్లు ఇచ్చారు గానీ, 2025-26 బడ్జెట్‌లో ఈ నిబంధనకు కావలసిన డబ్బు పెట్టలేదు. చట్టం చేసినవాళ్లే ఖర్చు దగ్గర చేతులెత్తేశారన్నమాట. ఇక పెట్టాలా వద్దా అన్నది ఏ స్కూల్ డిస్ట్రిక్ట్‌కి (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ స్కూళ్లను నడిపే సంస్థ) ఆ డిస్ట్రిక్టే తేల్చుకోవాలి. మా డిస్ట్రిక్ట్ వాళ్లు ఎలక్టివ్‌గా, అంటే ఇష్టమైనవాళ్లు తీసుకునే సబ్జెక్టుగా ఉంచుతామన్నారు.

స్థానికంగా తయారైన కోర్సును ముందు ఒక బహిరంగ సమావేశంలో చూపించి, తర్వాత మరో సమావేశంలోనే ఆమోదించాలని అదే చట్టం అంటుంది. నిబంధన అమల్లో లేకపోయినా మా డిస్ట్రిక్ట్ ఆ పద్ధతే పాటించింది. ఆ రెండు సమావేశాల మధ్య వ్యవధే మాకు దొరికిన అవకాశం.

కోర్సు డ్రాఫ్ట్‌లో 1882 నాటి చైనీయుల నిషేధ చట్టం, జపనీయుల నిర్బంధ శిబిరాలు, ఫిలిప్పీన్స్ రైతు కూలీల సమ్మె బాగానే ఉన్నాయి. మన దగ్గరికొచ్చేసరికి ఐటీ ఉద్యోగుల గురించి ఒకే ఒక్క వాక్యం! భారతీయులు ఈ దేశంలోకి హెచ్1బీతోనే దిగారన్నట్టు. అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థింద్‌ని 1923లో సుప్రీంకోర్టు ‘నువ్వు తెల్లవాడివి కావు, పౌరసత్వం కుదరదు’ అన్న కేసు చేర్చమని, ఏ పేజీలో ఎక్కడో కూడా బోర్డు వాళ్లకి రాసి పంపాను. ‘మా సంస్కృతికి గౌరవం ఇవ్వండి’ లాంటి ఈమెయిళ్లు వాళ్లకి రోజూ వస్తాయి, పేజీ నంబర్ ఉన్నదాన్ని మాత్రం తెరిచి చూస్తారు.

మామయ్యగారిది కనిగిరి, రిటైరైన సోషల్ మాస్టారు. విషయం విని తానూ మాట్లాడతానన్నారు, అదీ తెలుగులోనే. విజిటర్ వీసా మీద వచ్చిన మనిషి కదా అని నాకు టెన్షన్. తీరా చూస్తే పౌరులా కాదా అని ఎవరూ అడగరు. ఎజెండా 72 గంటల ముందు పెడతారు, మన అంశం మొదలవకముందే స్పీకర్ కార్డు నింపి ఇస్తే చాలు. మనిషికి రెండు నిమిషాలు. కానీ రాష్ట్ర బహిరంగ సమావేశాల చట్టం ప్రకారం, అనువాదకుడితో మాట్లాడేవారికి కనీసం రెట్టింపు సమయం ఇవ్వాలి. క్లర్క్‌కి ఈ సంగతి తెలియదు. ప్రింట్ తీసి తెచ్చిన కాగితం చూపించాను. ఆవిడ లాయర్ వైపు చూసింది, ఆయన తలూపాడు, టైమర్ మీద నాలుగు నిమిషాలు పడింది.

మొదటి ప్రపంచ యుద్ధానికి ముందే తమ కనిగిరి నుంచి బర్కిలీకి చదువుకి వచ్చి, బ్రిటిష్ పాలన మీద పోరాడిన గదర్ పార్టీలో చేరిన దరిశి చెంచయ్య గురించి ఆయన చెప్పారు. క్లాసులో డిక్టేషన్ ఇస్తున్నట్టు వాక్యం వాక్యానికి ఆగుతూ. ఇంగ్లీషులోకి అనువదిస్తున్న నేను ఒకచోట కుదించి చెబితే, ‘ఏడాది వదిలేశావమ్మా’ అని మైకులోనే అన్నారు.

బోర్డు సభ్యులెవరూ బదులు చెప్పలేదు. ప్రజల మాట విని రాసుకోవడమే తప్ప అప్పటికప్పుడు జవాబివ్వడం అక్కడ మామూలు కాదట. ఇది ముందే తెలిస్తే మనసు చిన్నబుచ్చుకోనక్కర్లేదు.

కోర్సు ఆమోదం పొందింది. థింద్ కేసు చేర్చారు. చెంచయ్య మాత్రం చేరలేదు. ఇంగ్లీషులో రెండు పేజీలు రాసిస్తే విద్యార్థుల ప్రాజెక్టు అంశాల్లో పెడతానని ఒక టీచర్ బయట ఆపి చెప్పారు. మామయ్యగారు చెబుతుంటే నేను టైప్ చేస్తున్నాను. ఇప్పటికి ఐదు పేజీలైంది, ఒక్క ముక్క కూడా తీసేయడానికి ఒప్పుకోవట్లేదు.